డ్రమ్ము రేకు తోక

కుళ్లాయప్ప కాఫీ తాగేది రెండే గుక్కల్లో. ఆ తర్వాత ఖాళీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు కొనకు జార్చి, ఫోను తెరను రెండు వేళ్ళతో సాగదీస్తూ అరగంట సేపు కార్లు చూస్తాడు. ఆ అరగంటలో ఇంట్లో ఎవరేం చెప్పినా వినపడదు. మామూలుగానే సగం వినపడదు. నలభై ఏళ్ళు రేకు మీద సుత్తి మోగించిన చెవులవి. భార్య గంగక్క ఉగ్గాని పళ్ళెం తెచ్చి ఫోనుకూ ముఖానికీ మధ్య పెడితే తప్ప ఈ లోకంలోకి రాడు.

అవి కొనే కార్లు కావు, అమ్మే కార్లూ కావు. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట దక్షిణ అమెరికాలో మట్టి దారుల మీద పందేలకు పరుగెత్తిన ఒంటిసీటు కార్లు. పాత ట్యాక్సీ ఇంజినో లారీ ఇంజినో సంపాదించి, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునేటట్టు చుట్టూ రేకు కొట్టి, ఏ చిన్న ఊరి మెకానిక్కో పందెంలోకి దించినవి. వాటికి కంపెనీ ముద్ర ఉండదు, కాగితం ఉండదు. ఇప్పుడు ఏ గొడ్ల కొట్టంలోనో ఒకటి బయటపడితే, అది ఎవరి చేతి పని, ఏ కాలం నాటిది అని చెప్పగలిగినవాళ్ళు ప్రపంచం మొత్తానికి వంద మంది ఉంటే ఎక్కువ. ఆ వంద మందిలో ఒకడు పామిడి బైపాసు పక్కన ట్రాక్టరు మడ్‌గార్డుల సొట్టలు తీసే కుళ్లాయప్ప. ఈ సంగతి పామిడిలో ఎవరికీ తెలియదు. చెప్పినా, అయితే ఏమి అంటారు.

ఈ పిచ్చి బెంగుళూరులో అంటుకుంది. కుర్రతనంలో అక్కడికి పోయి, ఒక షావుకారు షెడ్డులో పాత కార్లకు రేకు పని చేసేవాడు. షావుకారు చూసి పక్కన పెట్టిన విదేశీ పత్రికలను మధ్యాహ్నం అన్నం తిన్నాక తిరగేసేవాడు. ఇటలీ కార్లు, ఇంగ్లండు కార్లు కోడిగుడ్డు పెంకులాగా నున్నగా ఉండేవి. వాటిని చూస్తే గౌరవం కలిగేది, అంతే. ఒకరోజు ఒక పేజీ మూలన అగ్గిపెట్టెంత ఫోటోలో అర్జెంటీనా కారు కనపడింది. ముక్కు ఒకవైపు కాస్త ఉబ్బింది. పక్క రేకు మీద సుత్తి దెబ్బలు లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి. ఇది మనబోటివాడు కొట్టిందే అనుకున్నాడు కుళ్లాయప్ప. ఆ పేజీ చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దొంగతనమే, ఒప్పుకోవాల్సిందే.

ఊరికి తిరిగొచ్చాక పాతికేళ్ళు ఆ జ్ఞాపకంతోనే గడిపాడు. చేతికి మంచి ఫోను వచ్చాక తెలిసింది, ఇలాంటి పిచ్చివాళ్ళు అక్కడా ఉన్నారని, వాళ్ళకొక గ్రూపు ఉందని. అందులో తక్కినవాళ్ళు ఇంజిన్ల గురించి, చక్రాల గురించి, పాత పేపర్ల గురించి మాట్లాడేవాళ్ళు. కుళ్లాయప్ప దెబ్బలు చదివేవాడు. సుత్తి పడిన వాలును బట్టి, కొట్టినవాడు కుడిచేతివాడా ఎడమచేతివాడా, నిలబడి కొట్టాడా కూర్చుని కొట్టాడా చెప్పేవాడు. ఫలానా రెండు కార్లు రెండు ఊళ్ళలో దొరికినా రేకు కొట్టింది ఒకే చెయ్యి అనేవాడు. మొదట్లో నవ్వారు. ఆయన చెప్పినవి నాలుగైదు నిజమయ్యాక నవ్వడం మానేసి ‘మాయెస్త్రో’ అనడం మొదలుపెట్టారు. అంటే గురువుగారు అని, అంగడి పక్కన ఆన్‌లైన్ సెంటరు నడిపే రెబెకా చెప్పింది. పామిడిలో ఆయన రేకుల కుళ్లాయప్ప. ఆ మాట తప్పు కాదు కానీ, ఈ రెండో పేరు ఆయనకు ప్రాణం. బయటికి చెప్పుకోడు, అంతే.

ఆ రోజు పొద్దున గ్రూపులో ఓస్వాల్దో అనే ఆయన రాసిన మాట కనపడింది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, అర్జెంటీనాలో ఒక చిన్న ఊరు. వాళ్ళ నాన్న బక్కెట్లు, పాల క్యాన్లు చేసుకుని బతికినవాడు. యుద్ధకాలంలో ఒక పందెం కారు చేశాడని, ఇంటి వెనక షెడ్డులో ఉన్నది అదేనని వాళ్ళమ్మ చెప్పేదట. నాన్న కారు నాన్న చేసినట్టే నిలబెట్టాలని ఆ ముసలాయన పట్టుదల. కిందటి ఏడు ఫోటోలు పెట్టి అడిగితే, కుళ్లాయప్పే తేల్చి చెప్పాడు: ముందు భాగం పాతదే, తోక మాత్రం తర్వాత ఎవరో వేసిన అతుకు. అది డ్రమ్ము రేకు, దెబ్బల వాలు కూడా వేరే చేతిది అని. ఇప్పుడు ఓస్వాల్దో రాశాడు: రేపు పొద్దున ఎనిమిదికి మనిషి వస్తున్నాడు, ఆ అతుకు తోక కోయించి పాత ఇనుముకు వేసి కొత్తది పెట్టిస్తున్నాను, ఇండియా మాయెస్త్రోకు నేను రుణపడ్డాను. సీటు, అడుగుచెక్కలు ఊడదీశాక లోపలి నుంచి తీసిన మూడు ఫోటోలు కూడా పెట్టాడు.

ఫోను చేసిపెట్టిన తెలుగు కట్టెలాగా బిర్రబిగుసుకుని ఉన్నా విషయం అర్థమైంది. ఆ ఆఖరి వాక్యాన్ని కుళ్లాయప్ప మూడుసార్లు చదువుకున్నాడు. ఫోటోలు పైపైన చూసి వదిలేశాడు. మెచ్చుకోలు తలకెక్కితే ఎంత పనివాడి కళ్ళయినా అంతే.

ఎనిమిదికి అంగడి తెరిచాడు. మే నెల. తారు అప్పుడే మెత్తబడుతోంది. పైన రేకుల కప్పు, కింద ఇనుము, మధ్యలో మనిషి. పొట్టి మనిషి; ముంజేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు లావుగా ఉంటాయి. కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. సంక్రాంతి దాటాక ఒకసారి ఛాతీ పట్టేసి అనంతపురం తీసుకుపోతే, డాక్టరు సుత్తి పట్టవద్దన్నాడు. సరేనన్నాడు. సుత్తి పట్టకుండా రేకు పని ఎట్లా చేయాలో డాక్టరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆ రోజు పని గొర్రెల ఎర్రప్పది. బావులెండి, గొర్రెలకు ట్యాంకరు నీళ్ళు పోసుకుంటున్నాడు. ఉన్న తొట్టి పొట్టిదై, గొర్రెలు ఒకదాని మీద ఒకటెక్కి తొక్కులాడుకుంటున్నాయట. అందుకని రెండు డీజిల్ డ్రమ్ములు తెచ్చి, విప్పి పొడవునా ఒకే తొట్టి చేసిమ్మన్నాడు. కుళ్లాయప్ప లెక్కలో అది రేకు పని కిందికే రాదు. కొత్త పనికి కొత్త రేకు కొంటారు, చిల్లు పడితే డ్రమ్ము రేకు వేస్తారు. ఆయన నేర్చుకున్నదీ నేర్పిందీ అదే. పామిడిలోనే కాదు, కళ్యాణదుర్గం దాకా ఏ రేకు మేస్త్రీని అడిగినా డ్రమ్ము రేకు అంటే అతుకనే అంటాడు.

పదకొండుకల్లా రెండు డ్రమ్ములూ విప్పి సాపు చేశాడు. డ్రమ్ము నడుముకు రెండు ఉబ్బెత్తు కట్లుంటాయి. సాపు చేసినా అవి రేకు పొడవునా రెండు గీతలుగా మిగిలిపోతాయి, ఎంత కొట్టినా పూర్తిగా చావవు. కొనకు కొన కలిపి రివిట్లు కొట్టబోతే చిక్కొచ్చింది. రెండు డ్రమ్ములూ రెండు రకాలవి. దీని గీతకూ దాని గీతకూ వేలెడు తేడా. అతుకు దగ్గర సందు నిలిచింది, నీళ్ళు ఆగవు. ఎండలో కూర్చుని ఆ గీతల్ని అణగ్గొడుతుంటే విసుగొచ్చింది.

“ఒకే డ్రమ్ము రేకయింటే గీతకు గీత అదే కలిసేది ఎర్రప్పా,” అన్నాడు.

అన్నాక సుత్తి దించలేదు. పైకెత్తిన చెయ్యి అట్లే నిలిచింది. ఎర్రప్ప, ఏమైందని అడిగాడు. కుళ్లాయప్ప సుత్తి కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను తీసుకుని లోపలి నీడలోకి పోయాడు.

మూడు ఫోటోల్లో రెండోది సాగదీశాడు. సీటు తీసేసిన చోట రివిట్ల వరస. దానికి ఇటు ముందు భాగం పక్క రేకు, అటు తోక. తోక లోపలి వైపున రెండు సన్నటి గీతలు. అవి కిందటేడే చూశాడు, వాటిని చూసే కదా అతుకన్నాడు. ఇప్పుడు చూస్తే ఆ రెండు గీతలూ రివిట్ల కింద దూరి ఇటువైపు వచ్చాయి. ఇన్నాళ్ళూ సీటు చాటున, చెక్కల చాటున ఉండి కనపడని పక్క రేకు మీద అవే గీతలు, అదే ఎడంతో, వెంట్రుకవాసి తేడా లేకుండా సాగి ఇంజిను దాకా పోయాయి. ఒకే రేకు. సీటు దగ్గర కోసి, తోక వంపు కోసం కాస్త మడిచి, మళ్ళీ అక్కడే అతికాడు. యుద్ధకాలంలో కొత్త రేకు ఎక్కడ దొరుకుతుంది? ఆ పాల క్యాన్ల మనిషి కారు మొత్తాన్నీ డ్రమ్ములతోనే కొట్టాడు.

మరి దెబ్బల వాలు? కుళ్లాయప్ప బయటికొచ్చి ఒక డ్రమ్ము మిగులును తోకలాగా వంచి పట్టుకున్నాడు. లోపలి నుంచి కొట్టబోతే ఆ ఇరుకు వంపులో కుడిచేతికి సుత్తి ఆడడం లేదు. తనకు తెలియకుండానే సుత్తి ఎడమచేతికి మారింది. నలభై ఏళ్ళుగా ఇరుకు చోట తాను చేసేదీ అదే. వేరే చెయ్యి అంటే వేరే మనిషి అనుకున్నాడు. అదే మనిషి రెండో చెయ్యి.

సుత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే భయం. ఓస్వాల్దో రాసింది వాళ్ళ రాత్రి పూట, ఆయన రేపు అంటే మనకు ఈరోజే; వాళ్ళ పొద్దున ఎనిమిది అంటే మనకు సాయంత్రం నాలుగున్నర. ఇప్పుడు పన్నెండు దాటింది. ఒక కొడుకు తన నాన్న చేతి పనిని తన చేతులతోనే కోయించి పాత ఇనుముకు వేయబోతున్నాడు, కుళ్లాయప్ప మాట నమ్మి.

రెబెకా సెంటరులో పంటల బీమాకు వేలిముద్రలు వేయడానికి పదిమంది నిలబడి ఉన్నారు. ఎన్నడూ వరస తప్పని మనిషి అందర్నీ తోసుకుని ముందుకుపోయాడు. రెబెకా ముప్పై రెండేళ్ళది, చర్చిలో పాటలు పాడుతుంది, ఈ కార్ల కథ తెలిసిన ఒకే ఒక్క మనిషి. ఆయన చెప్పేది ఇంగ్లీషులో రాసిపెట్టేది తనే. ముఖం చూసి, వరసలో వాళ్ళను కాసేపు ఆగమంది. ఆయన గీతల సంగతి, రెండో చెయ్యి సంగతి తడబడుతూ చెప్పాడు. ఆమె విని, మర్యాదగా ఒక వాక్యం కట్టింది: కొత్త ఫోటోల్లో కొన్ని కొత్త ఆధారాలు కనిపిస్తున్నాయి, కాబట్టి మరోసారి పరిశీలించడం మంచిది. చదివి వినిపించింది.

“అట్లొద్దు మా,” అన్నాడు కుళ్లాయప్ప. “నేను చెప్పింది తప్పు అని రాయి.”

“అంత పచ్చిగా రాస్తే రేపట్నుంచి నీ మాట ఎవరింటారు మామా? ఆ గ్రూపులో అందరూ చూస్తారు. ఇన్నేండ్లు నిలబెట్టుకున్న పేరు గదా.”

పేరు పోతుందని కుళ్లాయప్పకు తెలియక కాదు. ఆ పేరు తప్ప ఈ చివరి పదేళ్ళలో ఆయన సంపాదించుకున్నది మరొకటి లేదు.

“పోతే పోనీ. మెత్తగా రాస్తే ఆయప్ప చదివి, సరే చూద్దాంలే అనుకుంటాడు. రంపం ఆగదు. మొదట కొయ్యద్దని రాయి. తర్వాత కుళ్లాయప్ప తప్పు చెప్పినాడని రాయి. ఆ తోక మీ నాయన కొట్టిందే, కారంతా మీ నాయన చెయ్యే అని రాయి. కారణం ఆఖర్న రాయి.”

ఆమె ఆ వరసలోనే రాసింది. ఫోటో మీద గీతలు కలిసిన చోట ఎర్రరంగు గుండ్రం చుట్టింది. గ్రూపులో పెట్టింది, ఓస్వాల్దోకు విడిగా కూడా పంపింది. గడియారం ఒకటీ పది. అక్కడింకా తెల్లవారలేదు. ఆ ముసలాయన లేవగానే ఫోను చూస్తాడో, చూడకుండా షెడ్డు తాళం తీస్తాడో ఎవరికి తెలుసు. జవాబు రాగానే చెప్పమని రెండుసార్లు చెప్పి అంగడికి పోయాడు.

గంగక్క సంగటి తెచ్చింది, నంజుకోవడానికి ఊరిబిండి తెచ్చింది. ఫోను చూస్తూ తింటే ముద్ద ముక్కులోకి పోతుందని రోజూ తిట్టే మనిషి. ఆ రోజు ఆయన ఫోను ముట్టుకోకుండా, ముద్ద కలుపుతూ ఆమెకు అంతా చెప్పాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఈ కార్ల గురించి ఆమెతో ఇన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. ఎగతాళి చేస్తుందనుకున్నాడు. ఆమె కొంగుతో ఈగలు తోలుతూ విన్నది. విని ఒకటే అడిగింది, ఆ ముసలాయన నాయన కూడా నీ మాదిరి రేకులోడేనా అని. బక్కెట్లు, పాల క్యాన్లు చేసేటోడని ఈయన చెప్పాడు.

“అయితే కొయ్యగూడదు,” అంది గంగక్క. అని, అడగకుండానే ఇంకొక ముద్ద వేసింది.

తిన్నాక కాసేపు పడుకోమంది. పడుకోలేదు. ఎర్రప్ప గొర్రెలు ఎండలో ఉన్నాయి. ఆ గీతల్ని అణిచి, మధ్యలో రబ్బరు పట్టీ పెట్టి రివిట్లు కొట్టి, బిందెడు నీళ్ళు పోసి చూశాడు. కారలేదు. మూడింటికి ఎర్రప్ప ఆటోలో వేసుకుని పోతూ, బాగా కుదిరిందన్నా అన్నాడు. ఇంకొకరోజయితే, డ్రమ్ముకు కుదిరేదేముంది లేప్పా అనేవాడు. ఆ రోజు తలూపి, అతుకు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు.

ఎర్రప్ప పోయాక రెబెకా సెంటరు గుమ్మం దాకా పోయి కళ్ళతోనే అడిగాడు. ఇంకా రాలేదని ఆమె తల అడ్డంగా ఊపింది. వెనక్కి వచ్చి, లోపల గోడవారన ఉన్న బల్ల మీద వాలాడు. టేబులు ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. ముఖం మీద తడి టవలు వేసుకున్నాడు. ఎండాకాలం రోజూ అంతే.

నాలుగూ పదికి రెబెకా ఫోను మోగింది. వరసలో ఉన్నవాళ్ళను అట్లే వదిలేసి చెప్పుల్లేకుండా పరుగెత్తింది. బల్ల దగ్గర నిలబడి, ఆయన చెవులు మందమని గొంతు పెంచి, ఒక్కొక్క వాక్యమే తెలుగు చేస్తూ చదివింది. ఓస్వాల్దో ఆపాడు. కోసే మనిషి ముందే వచ్చేశాడట, యంత్రం కూడా తెచ్చాడట, కాఫీ ఇచ్చి వెనక్కి పంపాడట. తానిప్పుడు కారు లోపలికి తల దూర్చి గీతల్ని వేలితో తడిమి చూశాడట, ఇంజిను దాకా పోయాయట. తప్పు చెప్పానని చెప్పినవాణ్ణి ఈ గ్రూపులో ఇదే మొదటిసారి చూస్తున్నాం మాయెస్త్రో అని, వేరేవాళ్ళు ఎవరో కింద రాశారట. అంతా చదివేసి ఆమె నవ్వుతూ నిలబడింది. ఆయన మాట్లాడలేదు. నిద్రపోయాడనుకుని మామా అని పిలిచింది. తర్వాత టవలు తీసింది.

ఎప్పుడు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. మూడున్నరకు అటూ ఇటూ అయ్యుండాలని తర్వాత వచ్చిన ఆర్‌ఎంపీ డాక్టరు అన్నాడు. అంటే ఆ జవాబు ఆయన వినలేదు. ఈ ఒక్క సంగతికి రెబెకా ఏడ్చినంత తక్కినదానికి ఏడవలేదు.

ఇంటి ముందు షామియానా వేశారు. గుత్తి నుంచి కూతురు వచ్చింది. ట్రాక్టర్లవాళ్ళు, లారీలవాళ్ళు, ఎర్రప్ప, అందరూ వచ్చి కూర్చుని ఎండల గురించి మాట్లాడి పోయారు. గంగక్క ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని ఉంది. రెబెకా పోయి పక్కన కూర్చుంటే, గంగక్క ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

“ఆ ముసలాయప్ప ఏం చేసినాడు మా? కోసినాడా?”

“కొయ్యలేదత్తా. ఆపినాడు.”

“అంతే కదా.”

“అంతే. తోక అట్లే ఉండాది.”

గంగక్క తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరేగా ఉంది.

పన్నెండో రోజు ఓస్వాల్దో దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. పోయిన సంగతి రెబెకా రాసి పంపిన తర్వాత వచ్చిన ఫోటో. దాన్ని ఆమె పెద్ద కాగితం మీద రంగుల్లో తీసి గంగక్కకు తెచ్చిచ్చింది. ఏదో ఇరుకు షెడ్డు, ఒక కిటికీ, పక్కకు ఒరిగి నిలబడిన పాత కారు. తోక మీది పెయింటంతా గీకేసి ఉంది, కింది రేకు మీద దెబ్బలు వరసగా కనపడుతున్నాయి. రంపం పెట్టాల్సిన చోట, తోకకు అడ్డంగా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, కోసే మనిషి గీసిపోయిన తెల్లటి సుద్దగీత అట్లే ఉంది. దాన్ని ఎవరూ తుడవలేదు.